సెలవు లింకు సంగ్రామము

స్వస్తిశ్రీ! గోడగడియారపు చిన్నముల్లు పదకొండును జయించి పన్నెండుపై దండెత్తిన వేళ, ఏసీ యంత్రము ఒకరిని వణికించుచు పక్కవారిని ఉక్కపోతకు అప్పగించుచున్న రెండవ అంతస్తు కార్యాలయమున, దస్త్రారణ్యసింహి, సరుకుల చిట్టా సామ్రాజ్ఞి, పందొమ్మిదేళ్ల అనుభవధురంధర యగు స్టోర్సు గుమాస్తా తన ఇన్‌బాక్సున అపరిచిత చిరునామానుండి వచ్చిన మెయిల్ తెరచి నిశ్చేష్టురాలయ్యెను.

"మధ్యాహ్నం పన్నెండులోగా ఈ లింకు నొక్కి మీ సెలవు ఖరారు చేసుకోండి. లేదంటే రద్దవుతుంది."

ఏ సెలవు! రేపటినుండి నాలుగు రోజులు, చెల్లెలి తొలి పురుటికై అడిగి సాధించిన సెలవు. నొక్కకున్న అది పోవును. నొక్కెదమన్న, పోయిన నెలలోనే ఉచిత గొడుగుకు ఆశపడి ఒక మెయిల్ నొక్కగా, అది కంపెనీ పన్నిన పరీక్ష యని తేలి, భద్రతా శిక్షణలో ముందు బెంచీపై కూర్చున్న పరాభవము ఇంకను మాసిపోలేదు. మరల మోసపోయినవారికి నాలుగు రోజుల శిక్షణ, అదియు రేపటినుండే. పాపము, ఆమెకు నిజముగనే ఏడుపు వచ్చెను.

అంతలో అదే అపరిచిత చిరునామానుండి రెండవ మెయిల్ దూసుకొచ్చెను: "ఇందాకటి మెయిల్ నిజమైనదే. నమ్మి నొక్కండి."

"ఓరీ అజ్ఞాత ప్రేషకాధమా!" అని ఆ వీరవనిత కుర్చీ వెనక్కి నెట్టి లేచి గర్జించెను. "నీ సచ్ఛీలతకు నీవే సాక్షివై వచ్చితివా? గొడుగు చూపి ఒకమారు నన్ను గెలిచితివి. నా చూపుడువేలు ఇక నీ వలలో పడదు!" అని ఆ రెండు మెయిళ్లపైనను భద్రతా విభాగమునకు ఫిర్యాదు పంపెను.

పక్క సీటు డిస్పాచ్ గుమాస్తా తల ఎత్తి, "నొక్కేయండక్కా, ఏమవుతుంది?" అనెను.

"నువ్వు నొక్కావా?"

"నేనా? నాకేమైనా పిచ్చా!"

సిబ్బంది విభాగమునకు ఫోను చేయగా ఎంతసేపటికిని ఎంగేజే. అప్పుడామె చీరకొంగు నడుమున దోపి, లిఫ్టును తృణీకరించి (అది చెడిపోయి యుండెను), మోకాళ్ల ఆర్తనాదములను లెక్కసేయక నాల్గవ అంతస్తు నధిరోహించెను. అచట పదకొండుగురు యోధులు అదే సంశయముతో బారులు తీరియుండిరి.

పదకొండూ యాభైనాలుగుకు ఆమె వంతు వచ్చెను.

"మాదేనండీ, మాదే!" అనెను గొంతు బొంగురుపోయిన అధికారిణి. "సెలవుల పని బయటి కంపెనీకి ఇచ్చాం. ముందు చెప్పడం మర్చిపోయాం."

"ఆ ముక్కే ఒక మెయిల్‌లో చెప్పొచ్చుగా మేడమ్?"

"ఆ కంపెనీ వాళ్ల చేతే పెట్టించాను. అదీ దొంగదేనని ఎవరో మహాతల్లి మొట్టమొదట ఫిర్యాదు చేసింది. ఆవిడ్ని చూసి అందరూ!"

ఆ మహాతల్లి గిరుక్కున తిరిగి మెట్లు దిగెను.

పదకొండూ యాభైఎనిమిది. చెమట పట్టిన చూపుడువేలు లేచెను, మౌసుపై వాలెను. తెరపై "మీ సెలవు ఖరారైంది" అను అక్షరములు వెలిగెను. వెంటనే చెల్లెలికి ఫోను చేసి, "రేపు పొద్దున్నకల్లా నీ దగ్గరుంటానే, భయపడకు," అని కళ్లు తుడుచుకొనెను.

దిక్కులారా వినుడు! శత్రువే లేని ఆ మహాసమరమున, ముందే మంజూరైయున్న తన నాలుగు రోజుల సెలవును, రెండు నిమిషములు మిగులగా, ఆమె మరల గెలిచికొనెను!