ఎవరూ వాడని భాగం

ఒక ఫోను మోడలుకి కంపెనీ సపోర్టు ఆపేసిన సాయంత్రం ఆరు గంటలకి ఆ ఫోను వాడే మనుషులు కూడా ఉన్నచోటే ఆగిపోవడం కాకినాడలో ఎవరికీ వింతగా అనిపించడం మానేసి చాలాకాలమైంది. ఆగినవాళ్లని ఇంట్లోవాళ్లు ఒకరోజు చూసుకుని, ఫారం నింపి, కొనసాగింపు విభాగం వారి గోదాముకి అప్పగిస్తారు. గోదాము శుభ్రంగానే ఉంటుందని చెబుతారు. కొత్త ఫోను కొనిచ్చి ప్రయోజనం లేదు. మనిషికి మొదట ఏ మోడలు అతికిందో చివరిదాకా అదే.

ఇలా కంపెనీలు వదిలేసిన మోడళ్లని బతికించడానికి ఆ విభాగంలో, తొమ్మిదో నంబరు గదిలో, పెంకే అప్పాజీ అనే ఉద్యోగి ఉన్నాడు. అతను చూసేది కెర్నెల్. ఫోనులో అన్నిటికన్నా అడుగున కూర్చుని పైనున్నవన్నీ, ఆ ఫోను వాడే మనిషితో సహా, నడిపేది అదే. దాని గురించి ఎవరైనా మాట్లాడుతున్నారంటే అది చెడిందనే అర్థం. అప్పాజీ పరిస్థితి కూడా దాదాపు అంతే కాబట్టి ఉద్యోగం అతనికి చక్కగా కుదిరింది.

పాత ఫోనులో కెర్నెల్‌కి ఇచ్చిన చోటు పెరగదు. విభాగం పంపే ప్యాచ్‌లు, అంటే దిద్దుబాట్లు, మాత్రం పెరుగుతుంటాయి. అందుకని కొత్తది పట్టాలంటే పాతది ఏదో ఒకటి తీయాలి. ఏది తీయాలో తేల్చడానికి ఒక పద్ధతుంది. ముప్పై రోజులపాటు ఆ మోడలువాళ్లందరి లాగ్, అంటే ఎవరు ఏ భాగం ఎన్నిసార్లు వాడారన్న చిట్టా, తీసుకుంటారు. నూటికి ఒక్కరైనా వాడని భాగం అనవసరం కింద లెక్క. నిరుడు వేరే మోడలులో ఎక్కిళ్లు తీసేశాడు, ఎవరూ అడగలేదు. ఈల తీసేసినప్పుడు మాత్రం ఒక పోస్ట్‌మ్యాన్ వచ్చి, మీగడపాల మీద ఈగలా గదిలో కాసేపు తిరిగి, ఫిర్యాదు పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లాడు.

ఈసారి గరుడ-4 వంతు. ఊళ్లో ఆ మోడలువాళ్లు మూడు వందల పన్నెండు మంది. అందులో ఒకరు జగన్నాథపురంలో జాకెట్లు కుట్టే భూలక్ష్మి, అప్పాజీ సొంత అక్క.

గడువు రోజు పొద్దున్నకి కెర్నెల్ నలభై ఒక్క కిలోబైట్లు ఎక్కువుంది. నెలంతా అప్పాజీ చెక్కని మూల లేదు. ఏడో ప్యాచ్ ఒక్కటి పక్కన పెడితే అన్నీ పట్టేవి. కానీ అది తప్పనిసరి. దాని వివరణ ఒక్క ముక్కలో ఉంది: వాడుకరి సహకారాన్ని మెరుగుపరచడం.

మిగిలింది నూట పద్దెనిమిదో భాగం. నలభై నాలుగు కిలోబైట్లు. దాని నెత్తిన, ఎప్పుడో రిటైరైన ఉద్యోగి ఎవరో రాసి పెట్టాడు: "ఇదేం చేస్తుందో నాకు తెలియదు. తీసేసినా ఫోను ఆన్ అవుతుంది. అయినా తీయకండి." ముప్పై రోజుల లాగ్‌లో ఈ భాగాన్ని మూడు వందల పదకొండు మంది ఒక్కసారీ వాడలేదు. ఒక్కరు రెండు వందల పద్నాలుగు సార్లు వాడారు. ఆ ఒక్కరి పేరు చూసి అప్పాజీ కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు.

పదకొండింటికి భూలక్ష్మి క్యారేజీ పట్టుకుని వచ్చింది. అప్పాజీ ఆమెకి క్యాంటీన్ టీ ఒక గ్లాసులో పోసి ఇచ్చాడు.

"ఇది టీయా, గిన్నె కడిగిన నీళ్లా?" అని ఆమె గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

తెరమీద నూట పద్దెనిమిదో భాగం లెక్క రెండు వందల పదిహేనుకి మారింది.

"అందరూ ఇదే తాగుతున్నారక్కా."

"తాగితే తాగనీ. నేను తాగను."

రెండు వందల పదహారు.

అప్పాజీ పాత లాగ్ తెరిచి వేళలు చూశాడు. రేషను షాపులో కాటా సరిగానే ఉందని డీలరు అన్న నిమిషం. వార్డు ఆఫీసులో కాయితం పోయిందని గుమాస్తా చెప్పిన నిమిషం. మొన్న మంగళవారం, అంతా సవ్యంగా జరిగిపోతుందని తనే అక్కకి ఫోనులో చెప్పిన నిమిషం కూడా ఉంది. పదో తరగతిలో తను తప్పాడని నోటీసు బోర్డు మీద పెడితే, ఒప్పుకోకుండా మూడు నెలలు తిరిగి పేపరు మళ్లీ దిద్దించింది ఈ అక్కే. ఆ భాగమే లేకపోతే తనీ కుర్చీలో లేడు.

"ఏం తీసేత్తున్నావురా మాలోంచి?" అంది ఆమె.

"చిన్నదే అక్కా. ఎవరూ వాడనిది."

"ఎవరూ వాడనిదైతే నీ మొహం ఎందుకలా ఉంది? తీసేదేంటో చెప్పి తియ్యి."

రెండు వందల పదిహేడు. అప్పాజీ తెర ఆమెకి కనబడకుండా పక్కకి తిప్పాడు.

మూడింటికి అతను సూపరింటెండెంట్ వసుంధరగారి గదికి వెళ్లి, గరుడ-4కి ఏడో ప్యాచ్ మినహాయించమని అడిగాడు. ఆవిడ లాగ్ మొత్తం ఓపిగ్గా చదివారు.

"ఒక్కరే వాడారుగా. అంటే అవసరం లేదనేగా?"

"ఈ నెల లాగ్ నమ్మడానికి లేదండి. ఆగిపోతామేమోనని అందరూ భయపడుతున్న నెలండి ఇది. ఇలాంటప్పుడు ఎవరు వాడతారండి దాన్ని?"

"మనం లాగ్ తీసేది ఎప్పుడూ గడువుకి ముందు నెలేగా, అప్పాజీ గారూ?"

"అవునండి."

"అన్ని మోడళ్లకీ అంతేగా?"

"అంతేనండి." ఆ మాట తన చెవిన పడ్డాకే, పన్నెండేళ్లుగా తను కొలుస్తూ వచ్చింది ఏమిటో అతనికి తెలిసింది.

"భయం లాగ్‌లో కనబడుతుందా?"

"కనబడదండి."

"మరింకేం? ఐదున్నరకల్లా విడుదల చేసేయండి."

నేను చెయ్యను అనడానికి అప్పాజీ నోరు తెరిచాడు. "సరేనండి" అని వచ్చింది. అతని ఫోను సపోర్టు ఉన్న మోడలు. ఏడో ప్యాచ్ దానికి జనవరిలోనే దానంతటదే వచ్చి చేరింది.

ఐదున్నరకి వరండా నిండా గరుడ-4 వాళ్లు. కొత్త కెర్నెల్ కోసం అందరి ఫోన్లలో ఒకేసారి రెండు మీటలు వచ్చాయి: సరే, వద్దు. మూడు వందల పదకొండు మంది సరే నొక్కి, తెర చీకటై మళ్లీ వెలిగేదాకా కళ్లు మూసుకుని, తెరిచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. తోసుకోవడం కూడా లేదు. భూలక్ష్మి ఒక్కతీ బెంచీ మీద ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పాజీ పక్కన కూర్చుని, అప్పటికైనా, తీసింది కాదనగలగడమేనని చెప్పాడు.

గోడ గడియారం ఆరుకి నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"వద్దు నొక్కితే గోదాముకేగా?"

"అవునక్కా."

"సరే నొక్కితే ఇంటికి. కానీ వచ్చేది నేను కాదు."

"నువ్వే అక్కా. కొంచెం తక్కువ."

"నాకు తోచట్లేదురా. ఎప్పుడూ ఎవరినీ అడగలేదు, ఇప్పుడు నిన్నడుగుతున్నాను. నీ మాట మీద నొక్కుతాను. నిజం చెప్పు. ఏది నొక్కను?"

రెండు నిమిషాలు. అక్క ఆగిపోవడం అతను చూడలేడు. అక్క ఇలా ఇంటికి రావడమూ చూడలేడు.

"సరే నొక్కక్కా" అన్నాడు.

ఆమె నొక్కింది. ఆ మాట ప్రేమకొద్దీ అన్నాడో, జనవరి ప్యాచ్ అనిపించిందో అప్పాజీకి ఆ తర్వాత కూడా తేలలేదు. తన లాగ్ తెరిచి చూసుకోవచ్చు. చూసుకోలేదు.

వారం తర్వాత నివేదిక వెళ్లింది. గరుడ-4: ఆగిపోయినవారు లేరు, ఫిర్యాదులు లేవు. విభాగంలో ఇంత శుభ్రంగా కుదిరిన కెర్నెల్ ఇదే మొదటిదని వసుంధరగారు ఫైలు మీద స్వదస్తూరీతో రాశారు. మిగతా మోడళ్లకీ ఇదే నమూనా పంపమన్నారు.

ఆ మధ్యాహ్నం భూలక్ష్మి క్యారేజీ తెచ్చింది. అప్పాజీ క్యాంటీన్ టీ గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టి, ఆమె నోటివైపే చూస్తూ నిలబడ్డాడు. ఆమె మెల్లగా, చివరి చుక్కదాకా తాగింది.

"బాగుంది" అంది.

అప్పాజీ తన గ్లాసు కూడా నింపుకుని ఒక గుక్క తాగాడు. గిన్నె కడిగిన నీళ్లలాగే ఉంది.

"బాగుందక్కా" అన్నాడు.