తొండానికి సీలు

ఒక పెద్ద అడవిలో తుమ్ముల జబ్బు పడింది. ముందు అడవిపంది తుమ్మింది, తర్వాత దుప్పి తుమ్మింది. వారం తిరక్కుండా అడవంతా హాచ్ హాచ్ అంటూ ఊగిపోయింది. వెంటనే ఆఫీసులన్నిటికీ కొత్త రూల్సు వచ్చాయి. జబ్బు కంటే వేగంగా పాకినవి అవే.

అగ్నిమాపక కేంద్రంలో ఉద్యోగం చేసేది బూరన్న అనే ఏనుగు. ఇంజనూ అతనే, పైపూ అతనే, గంటా అతనే. పన్నెండేళ్ల సర్వీసులో ఏ మంటా అతని చేతిలో, అంటే తొండంలో, బతికి బట్టకట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే చాలు, బూరన్న చెవులు వాటంతటవే ఊగేవి.

కేంద్రానికి సెక్రటరీ నక్క. "ముక్కులన్నీ మూసెయ్యాలి" అని ఆర్డరు వేశాడు. బూరన్నకి ముక్కంటే తొండమే. టేకాకులు కుట్టి పొడవాటి సంచి ఒకటి తొడిగారు. తొండం మొదట్లో తాడు బిగించి లక్కతో సీలు కూడా వేశారు.

"సార్, మరి నీళ్లెలా చల్లను?"

"చల్లకు. జబ్బు తగ్గేదాకా కేంద్రం తెరిచే ఉంటుంది. పని మాత్రం ఉండదు."

అంతటితో ఆగితే ఆయన సెక్రటరీ ఎందుకవుతాడు? కేంద్రం చుట్టూ ఆరు ఏనుగుల దూరంలో సున్నంతో గీత గీయించాడు. మంట గురించి చెప్పడానికి వచ్చినవాళ్లు గీత అవతలే నిలబడి, ఆకు మీద దరఖాస్తు రాసివ్వాలి. ఆ ఆకుకి జబ్బు అంటుకుని ఉంటుంది కాబట్టి దాన్ని పట్టకారుతో అందుకుని, మూడు రోజులు ఎండబెట్టి, ఆ తర్వాతే చదవాలి. దరఖాస్తు చదవకుండా ఒక్క చుక్క చల్లినా బూరన్న ఉద్యోగం ఊడుతుంది. దాంతోపాటు మడుగు పక్కనున్న క్వార్టరూ ఊడుతుంది. మడుగు లేని బతుకుని ఊహించుకోవడం బూరన్న వల్ల కాలేదు.

ఎండినవి చదివే తీరిక ఎవరికుంది? నెల తిరిగేసరికి కేంద్రం గోడ పక్కన దరఖాస్తులు గుట్టలా పేరుకున్నాయి.

ఒకరోజు పొద్దెక్కాక కుందేలు చెవులమ్మ ఉరుక్కుంటూ వచ్చింది.

"బూరన్నా! తూర్పు గడ్డి అంటుకుంది! నా పిల్లలు ముగ్గురూ బొరియలోనే ఉన్నారు!"

బూరన్న లేచేలోపే నక్క కిటికీలోంచి "గీత! గీత!" అని అరిచాడు. చెవులమ్మ ఆకు మీద రాసిచ్చింది. అటెండరు కోతి తోకయ్య దాన్ని పట్టకారుతో పట్టుకెళ్లి ఎండలో పరిచాడు.

"ఇక నిశ్చింతగా వెళ్లమ్మా, శుక్రవారం చూస్తాం" అన్నాడు నక్క.

"సార్, మంట శుక్రవారం దాకా ఆగుతుందా?" అన్నాడు బూరన్న.

"ఎందుకు ఆగదు? నోటీసు ఇద్దాం. పద్నాలుగు రోజులు ఎక్కడి మంట అక్కడే క్వారంటైన్‌లో ఉండాలని."

తోకయ్య నోటీసు తీసుకుని పోయి, కాసేపటికి తోక ఊదుకుంటూ తిరిగొచ్చాడు.

"అందుకుందా?"

"అందుకుంది సార్. నమిలి మింగేసింది కూడా."

"సంతకం?"

తోకయ్య కాలిన తోక చూపించాడు. నక్క తృప్తిగా తలూపాడు.

బూరన్నకి ఒళ్లు మండిపోయింది. గీతకి అవతల చెవులమ్మ కూలబడి ఏడుస్తోంది. ఉద్యోగమా, పిల్లలా అని కాస్త ఆలోచిద్దామనుకున్నాడు గానీ కాళ్లు అప్పటికే మడుగు వైపు నడుస్తున్నాయి. సంచితో సహా తొండాన్ని నీళ్లలో ముంచాడు. సీలు చెక్కుచెదరలేదు, ఆకులే నాని ఊడిపోయాయి.

తూర్పు గడ్డికి పరిగెత్తి, బొరియ గుమ్మం దాకా వచ్చిన మంట మీద ఒక్క చిమ్ము చిమ్మాడు. పిల్లలు ముగ్గురూ తడిసి ముద్దయి, మసి మొహాలతో బయటికొచ్చి "మళ్లీ! మళ్లీ!" అని గంతులేశారు.

అప్పుడే గాలి తిరిగింది. మిగిలిన మంట గడ్డి వెంట పాక్కుంటూ పోయి, కరకరా ఎండిన దరఖాస్తుల గుట్ట మీదికి దూకింది. నెల రోజుల ఫిర్యాదులు ఒక్కసారిగా అంటుకున్నాయి.

బూరన్న మళ్లీ తొండం నింపుకుని వచ్చేసరికి కేంద్రం కప్పు భగ్గుమంటోంది. నక్క కిటికీలో ఇరుక్కుని గిలగిల్లాడుతున్నాడు. బూరన్న సున్నపు గీత దగ్గర ఠక్కున ఆగాడు.

"చల్లవేంరా!"

"దరఖాస్తు సార్..."

"రాస్తాను, రాస్తాను! ముందు చల్లు!"

"ఎండ బాగానే ఉంది సార్, తొందరగానే ఆరుతుంది."

ఆ మాట అంటుండగానే ఫిర్యాదుల పొగ వచ్చి బూరన్న మొహానికి కొట్టింది. కళ్లు మూతపడ్డాయి, చెవులు విచ్చుకున్నాయి. "హా..." అన్నాడు. చుట్టూ మూగినవాళ్లంతా చెట్లెక్కేశారు.

"...చ్!"

కప్పు ఆరింది. కుర్చీ ఎగిరింది. నక్క కిటికీతో సహా వెళ్లి బురదలో కూర్చున్నాడు.

మర్నాడు సింహం ముందు విచారణ.

"దరఖాస్తు చదవకుండా నీళ్లు చల్లాడు ప్రభూ, ఉద్యోగం పీకెయ్యాలి" అన్నాడు నక్క. కిటికీ చట్రం ఆయన మెడలోంచి ఇంకా రాలేదు.

"చల్లలేదు ప్రభూ, తుమ్మాను" అన్నాడు బూరన్న వినయంగా.

"మరి చెవులమ్మ ఇంటి దగ్గరో?" అని అడిగాడు సింహం.

"అక్కడా తుమ్మే ప్రభూ."

సింహం మొహం విప్పారింది. "అంటే రెండు! ఒంటి తుమ్మయితే అపశకునం. జంట తుమ్ములు శుభం కదయ్యా!"

రూల్సు తిరగేశారు. నక్క స్వయంగా రాసినవే. తుమ్మినవాడికి ఉద్యోగం పోదు, పద్నాలుగు రోజులు ఇంటిపట్టున ఒంటరిగా ఉండాలి, అంతే.

బూరన్న ఆ శిక్షని క్వార్టరు పక్క మడుగులో, మెడలోతు నీళ్లలో బుద్ధిగా అనుభవించాడు. రోజూ కుందేలు పిల్లలు ముగ్గురూ ఆరు ఏనుగుల దూరం కొలుచుకుని నిలబడి "మావయ్యా, ఒక్క తుమ్ము!" అని అరిచేవాళ్లు. అతను కాదనేవాడు కాదు.

నీతి: మంచిపని చేస్తూ పట్టుబడితే, తుమ్మానని చెప్పండి.