గుండిగ పోయిన మ్యూజియం

పదకొండుకు మదనపల్లె నుంచి అధికారి జయచంద్ర వస్తాడు, కొత్త గది చూస్తాడు, సంతకం పెడతాడు. శుక్రవారం పొద్దున పుంగనూరు మ్యూజియం ఇన్‌చార్జి నీలిమ వేసుకున్న ప్లాను అంతే. సంతకం పడితే ఆ గది నిలుస్తుంది. పడకపోతే విరిగిన కుర్చీల గోదాము అవుతుంది.

ఇన్నాళ్ళూ ఆ మ్యూజియంలో దొరల కత్తులు, దొరల పల్లకీలు, దొరల మీసాల పటాలు తప్ప మరొకటి లేదు. నీలిమను అమ్మా నాయనా కలికిరి చేలల్లో కూలి చేసి చదివించారు. అలాంటి చేతుల వస్తువుకు అక్కడ చోటెందుకు లేదని ఆమెకు చిన్నప్పటి నుంచీ కడుపుమంట. అందుకే వీధివీధీ తిరిగి, "ఇది మీ మ్యూజియం. వస్తువులు ఎప్పటికీ మీవే" అని చెప్పింది. జనం నమ్మి, తమ వస్తువులు తెచ్చి కొత్త గది నింపారు. పాపం, అవసరమైన దానికన్నా ఎక్కువే నమ్మారు.

ఎనిమిదింటికి ఆమె వచ్చేసరికి గది నడుమ పీట ఖాళీ. రామలక్ష్మమ్మ వాళ్ళ వీధంతా కలిసి కొనుక్కున్న పెద్ద ఇత్తడి గుండిగ మాయం.

"సిద్దప్పా! గుండిగ యాడ?"

"రామలక్ష్మమ్మ ఎత్తుకపోయిందమ్మా," అన్నాడు వాచ్‌మన్ సిద్దప్ప నింపాదిగా. "మనవరాలికి పేరు పెడతాండారంట. ఆ వీధిలో ఏ శుభకార్యమైనా దాంట్లోనే వండాలంట. మాదే గదా అనింది. మీరు చెప్పిందీ అదే గదా!"

నీలిమ రామలక్ష్మమ్మకు ఫోను కొట్టింది. "అవ్వా, పదకొండుకు ఆఫీసరు వస్తాండాడు! నా కొంప ముంచినావే!"

"యాల భయం తల్లీ? ఎసరు పెట్టినా. సంగటి కాంగానే తోమి పంపిస్తా. దాని తెడ్డు కూడా పంపితే బిరీన అయిపోతాది. మామూలు తెడ్డు అడుగుకు అందడంలే."

సంగటి త్వరగా అయితే గుండిగ త్వరగా వస్తుంది కదా అని నీలిమ తన చేత్తోనే తెడ్డు పంపింది. కాసేపటికి కరెంటు పోయింది, మిక్సీ తిరగడం లేదు, సంగటిలోకి ఊరిబిండి పచ్చడి రోట్లో నూరాలన్నారు. గదిలోని రోలు ఆటో ఎక్కింది. భోజనాల బంతి త్వరగా వేస్తే పని త్వరగా తెములుతుందని అదే వీధి ఎల్లప్ప వచ్చి, పెద్దోళ్ళు కూర్చోవడానికి తానిచ్చిన కంబళి చంకన పెట్టుకుపోయాడు. పదిన్నరకు గదిలో ఖాళీ పీటలు, వాటి మీద వివరాల చీటీలు మాత్రమే మిగిలాయి.

జీపు మటుకు చెప్పిన టయానికే వచ్చింది, ఖర్మ.

"వస్తువులేవమ్మా?" అన్నాడు జయచంద్ర గది నాలుగు మూలలూ చూసి.

నీలిమకు ఏడుపొక్కటే తక్కువ. అబద్ధం నోటికి రాలేదు. "పనిలో ఉన్నాయి సార్."

"ఏం పని?"

"వంట పని."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, "పద, చూపించు" అన్నాడు.

వీధిలో గుండిగ పొగలు కక్కుతోంది. రామలక్ష్మమ్మ అధికారిని చూసి బెదరలేదు.

"సూడప్పా ఈ సొట్ట. మా ఆడబిడ్డ పెండ్లినాడు ఇది బండి మీంచి పడింది. మీ నీలిమమ్మ రాసిన చీటీలో ఈ మాటే లేదు. ఇంకోటీ లేదు. ఇది లేనప్పుడు వండుకునే గిన్నె కోసం పెద్దిండ్ల గడపల కాడ నిలబడతా ఉంటిమి. వీధంతా ఒక ఎండాకాలం రాళ్ళు కొట్టి దీన్ని కొనినాం. ఆ నాటి నుంచీ ఏ గడపా తొక్కలేదు."

నీలిమ ఆ చీటీ మీద 'ఇత్తడి పాత్ర, యాభై ఏళ్ళ నాటిది' అని రాసింది. సిగ్గేసింది. ఆ వెంటనే గుండె ఉప్పొంగింది. ఇట్లాంటి మనుషుల కడుపున పుట్టినందుకు ఆమెకు పట్టలేనంత గర్వంగా అనిపించింది.

జయచంద్ర కంబళి మీద కూర్చుని రెండు ముద్దలు లాగించాడు. మూడోది వద్దంటూనే తిన్నాడు. "చీటీలు తీసేసి ఈమె చెప్పింది రాయమ్మా" అని అక్కడే సంతకం పెట్టేశాడు.

లేవబోతూ కొంచెం మొహమాటపడ్డాడు. "అమ్మా, వచ్చే నెల మా అమ్మాయి నిశ్చితార్థం. ఈ గుండిగ రెండ్రోజులు మదనపల్లెకు పంపుతారా?"

రామలక్ష్మమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"అట్లా బయటికి ఇయ్యకూడదప్పా," అంది. "అది మ్యూజియం వస్తువు."