మంత్రిగారి కాన్వాయ్‌లో డబుల్స్ జంట

"ఇకనుంచి మన్యం డబుల్స్ జంటకి మూడో పార్ట్‌నర్ ప్రభుత్వమే!" అని క్రీడల మంత్రి వరహాలరావుగారు అరకు సభలో ప్రకటించగానే చప్పట్లు మోగిపోయాయి. డబుల్స్‌లో జట్టుకి ఇద్దరే ఆడతారని తెలిసినవాళ్ళు కూడా కొట్టారు. నేనూ కొట్టాను. విలేకరిని, ముందు వరసలో ఉన్నాను, కొట్టకపోతే కనిపిస్తుంది.

ఆ జంట భానుశ్రీ, నూకరత్నం. పెదబయలు దగ్గర కొండ ఊరి పిల్లలు. కాఫీ గింజలు ఆరబోసే సిమెంటు కళ్ళం మీద బ్యాడ్మింటన్ నేర్చుకున్నారు. ఆ మధ్యాహ్నం మూడింటికి విశాఖలో జూనియర్ సెలెక్షన్ మ్యాచ్. గెలిస్తే అకాడమీలో సీటు, జాతీయ పోటీలు. పోతే ఇంక అంతే, డిసెంబరుతో ఇద్దరికీ జూనియర్ వయసు దాటిపోతుంది.

అంచేత పొద్దున్నే బస్సెక్కుతామన్నారు, చిన్నతనం కొద్దీ. మంత్రిగారి పీఏ రవిబాబు నొచ్చుకున్నాడు.

"ఛాంపియన్లు బస్సులో వెళ్తే గవర్నమెంటు పరువేం కాను? సార్ కాన్వాయ్‌లో వెళ్తారు. సైరన్ ఉంటుంది."

సైరన్ లేని ఆ బస్సు మా కళ్ళముందే వెళ్ళిపోయింది. ఏడింటికి రావలసిన మంత్రిగారు ప్రజల మనిషి కనుక పది దాటాక వచ్చారు. ప్రకటన చేశారు. తర్వాత తమ కాన్వాయ్‌కి తామే పచ్చజెండా ఊపారు. బండ్లు కదిలాయి. మంత్రిగారు కిందే ఉండిపోయారు కనుక మళ్ళీ ఆగాయి. ఫోటో సరిగా రాలేదని ఇంకోసారి ఊపారు. అంత ఓపిక మామూలు మనుషులకి ఉండదు.

అనంతగిరి దారిలో మొదటి ఊరి దగ్గర ధింసా నాట్య బృందం ఎదురొచ్చింది. మంత్రి అన్నాక ఏజెన్సీలో ధింసా ఆడాలి, ఆడితే ఫోటో పడాలి. ఆ రోజు వరసలో ఒక మనిషి తగ్గింది. రవిబాబు బండిలోకి తొంగి చూసి నూకరత్నాన్ని దిగమన్నాడు.

"నాను మేచ్ ఆడాలండి," అంది ఆ పిల్ల.

"అదీ ఆడుదువుగాని. ముందు ఇదాడు."

జెర్సీ మీదే చీర చుట్టేశారు. నూకరత్నం మంత్రిగారి నడుం చుట్టూ చెయ్యేసి అడుగులేసింది. రెండు రాకెట్ సంచులూ ఒళ్ళో పెట్టుకుని భానుశ్రీ బండిలో కూర్చుంది. ఇక్కడ ఆగి పక్క ఊళ్ళో ఆగకపోతే సామాజిక న్యాయం దెబ్బతింటుంది కదా. అందుకని ప్రతి ఊళ్ళోనూ ఆగాం. ప్రతి ఊళ్ళోనూ వరసలో ఒక మనిషి తగ్గింది.

ఘాట్ రోడ్డులో కాఫీ తాగడానికి ఆగినప్పుడు భానుశ్రీ ధైర్యం చేసింది.

"సార్, బేగి ఎల్లాల సార్. మాకు ఆట నేర్పిన మాధవి టీచరు హాల్లోంచి ఒకటే ఫోన్లు సేత్తన్నారు. మూడింటికి కోర్టులో నేకపోతే పేర్లు కొట్టీస్తారంట."

మంత్రిగారు నవ్వారు. "పిచ్చి గుంటా! రవిబాబూ, నేను రాకుండా ఏ ప్రోగ్రామైనా మొదలైందా?"

"ఇంతవరకూ లేద్సార్."

"విన్నావా? మనం ఎప్పుడు చేరితే అప్పుడే మూడు."

మంత్రిగారి గడియారం పొద్దుగూకే వేళకి మూడు కొట్టింది. సైరన్ మోగిస్తూ హాలు చేరేసరికి అంపైర్ నెట్ మడత పెడుతున్నాడు. ఈ బ్యాడ్మింటన్ వాళ్ళకి ప్రోటోకాల్ బొత్తిగా తెలియదు. మెట్ల మీద కూర్చున్న మాధవి టీచరు లేచి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మూడుసార్లు పిలిచారండి. రాలేదని అవతలి జంటకి వాకోవర్ ఇచ్చేశారు."

మంత్రిగారు గంభీరంగా తలపంకించారు. "స్కోరెంత?"

"స్కోరే లేద్సార్," అన్నాడు రవిబాబు. "అవతలివాళ్ళు మన పిల్లల మీద ఒక్క పాయింటు కూడా కొట్టలేకపోయారు."

మంత్రిగారు చలించిపోయారు. డిక్కీలోంచి కప్పు తెప్పించారు. ముందే కొనిపెట్టిన దూరదృష్టి వారిది. ఇద్దరిచేతా చెరో పక్కా పట్టించి, మధ్యలో తాము ఫోటోకి నిలబడ్డారు. భానుశ్రీ భుజాన రాకెట్ సంచీ జిప్పు కూడా తీయలేదు. నూకరత్నం ఒంటి మీద ధింసా చీర అలాగే ఉంది. వాళ్ళని చూస్తే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలని రాసుకున్నాను.

"వచ్చే ఏడు కూడా నేనే తీసుకొస్తా," అన్నారు మంత్రిగారు.

"వచ్చే ఏడుకి మా వయసు దాటిపోద్ది సార్," అంది భానుశ్రీ.

"దానికేముంది? ఏజ్ రిలాక్సేషన్ జీవో ఇప్పిస్తా. మీ వయసు పెరక్కుండా చూసే పూచీ ప్రభుత్వానిది."

ఆ ఫోటో వాట్సాప్‌లో మాకంటే ముందే కొండెక్కింది. భానుశ్రీ ఫోన్ మోగింది. వాళ్ళ నాన్న సుక్రు. పత్రికలవాళ్ళు కూడా వినాలని రవిబాబు స్పీకర్ పెట్టించాడు. వెనక డప్పులు హోరెత్తుతున్నాయి.

"కప్పు సూసినామమ్మా! ఊరు ఊరంతా కళ్ళం మీదే ఉన్నాది. గింజలెత్తీసి ధింసా ఆడతన్నారు. గెలిసీసినారేటి?"

భానుశ్రీ ఫోన్‌ని పక్కకి జరిపింది. నూకరత్నం ఫోన్ దగ్గరికి వంగింది.

"మేం ఆడనేదు బాబాయ్."

డప్పుల మోతలో ఆయనకి వినిపించలేదు.

"ఏటమ్మా? ఎంతకి గెలిసినారు?" అని అడుగుతూనే ఉన్నాడు.