వసంతలక్ష్మి ఆంటీ ఇంట్లో శబ్దచోరీ

“ఇర్వింగ్‌లో నేరస్థులు హాయిగా తిరుగుతున్నారంటే కారణం ఒక్కటే. నాకింకా మాస్టర్స్ పూర్తి కాలేదు,” అన్నాడు రఘువీర్.

వాడు ఈ టెక్సస్ ఊళ్లో నా రూమ్మేట్. చదివేది డేటా సైన్స్, నమ్ముకున్నది అపరాధ పరిశోధన. అప్పటిదాకా ఛేదించిన కేసు ఒక్కటే, లాండ్రీలో మాయమైన వాడి సాక్సు. అది వాడి కాలికే దొరికింది.

ఆ శనివారం పక్కింటి వసంతలక్ష్మి ఆంటీ మా దగ్గరికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సీరియల్లో యాడ్స్ రాగానే ఆవిడ వంటింట్లోకి వెళ్తుందట. యాడ్స్ రంకెలు ఆగగానే సీరియల్ మొదలైందని వచ్చి కూర్చునేదట. నెల రోజులుగా ఆ రంకెలే వినపడటం లేదు.

“మా అమ్మకీ ఈ వయసులోనే చెవుడొచ్చింది. అంకుల్‌కి చెప్పకండి నాన్నా,” అంది.

డాక్టర్‌కి చూపించుకోమని చెప్పబోయాను. రఘువీర్ నన్ను ఆపి, ఇది శబ్దచోరీ అని తేల్చేశాడు. కింది ఫ్లాట్ అమ్మాయి ఏదో యంత్రంతో యాడ్స్ సౌండ్ లాగేస్తోందట.

సాయంత్రం వైఫై చూస్తామని చెప్పి వాళ్లింటికి వెళ్లాం. హనుమయ్య అంకుల్ సోఫాలో సీరియల్ చూస్తున్నారు. ఆంటీ వంటింట్లో టీ కలుపుతోంది. రఘువీర్ ఆధారాల కోసం టీవీ వెనక దూరాడు, దుమ్ముకి తుమ్మాడు, తూలి వైర్ల మీద పడ్డాడు. ఏదో ప్లగ్ ఊడింది.

నిమిషంలో యాడ్స్ మొదలయ్యాయి. కార్ల షోరూం వాడి అరుపుకి ఇల్లు దద్దరిల్లింది.

ఆంటీ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. “వినపడిందండీ, నాకు వినపడింది,” అంటూ ఏడ్చేసింది.

అంకుల్ మొహం వాడిపోయింది. టీవీ పక్కనున్న చిన్న నల్ల డబ్బా చూపించారు, ఊడిన ప్లగ్ దానిదే. యాడ్స్ గట్టిగా అరిస్తే సౌండ్ దానంతటదే తగ్గించేస్తుందట. చప్పుడు భరించలేక కింది అమ్మాయి అపార్ట్‌మెంట్ అద్దెలు చూసే లీజింగ్ ఆఫీస్‌లో రెండుసార్లు కంప్లైంట్ చేసింది. మూడోసారైతే ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

“చెబితే నువ్వు టీవీ చూడటమే మానేస్తావని చెప్పలేదు,” అన్నారాయన.

ఆంటీ ఆయన పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంది. కాసేపయ్యాక డబ్బా మళ్లీ పెట్టేయమంది. సీరియల్ మొదలవగానే ఇకమీదట ఆయనే పిలవాలట. ఆయన బుద్ధిగా తలూపారు.

బయటికొచ్చాక, ఇందులో నీ ప్రతిభ ఏముందని రఘువీర్‌ని అడిగాను.

వాడు మోకాలు రుద్దుకుంటూ గంభీరంగా అన్నాడు: “అక్కడ పది వైర్లున్నాయి. నేను సరిగ్గా దాని మీదే ఎందుకు పడ్డానో ఆలోచించు.”