సువార్త తీసుకున్న రెండు వందల నలభై విశ్రాంతులు

మణికట్టు సంరక్షణ పక్షోత్సవాలు ముగిసేలోగా మా కార్యాలయం తప్పనిసరిగా పూర్తి చేయవలసిన పనులు ఇవి:

ఒకటి, "మణికట్టే మన ఆస్తి" అని పది అడుగుల ఫ్లెక్సీ కట్టించడం.
రెండు, సిబ్బంది అందరితో ప్రతిజ్ఞ చేయించి, కుడిచేతులన్నీ కనబడేలా ఫోటో తీసి పంపడం.
మూడు, మణికట్టు విశ్రాంతి మందిరానికి శంకుస్థాపన చేయడం.
నాలుగు, ప్రతి ఉద్యోగీ అరగంటకోసారి రెండు నిమిషాలు మణికట్టుకు విశ్రాంతి ఇచ్చినట్టు ఆన్‌లైన్‌లో నమోదు చేయడం.
ఐదు, ఉత్తమ మణికట్టును ఎంపిక చేసి శాలువా కప్పడం.
ఆరు, వీలుంటే, కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లకు చెయ్యి నొప్పి ఉందేమో కనుక్కోవడం.

వీటిలో ఆరోది ఒక్కటే మిగిలిపోయింది. మొదటి ఐదూ గడువులోగా పూర్తిచేసినందుకు జిల్లాలో మాకు రెండో స్థానం వచ్చిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

నా పేరు శశికుమార్. కరువు వివరాల నమోదు కేంద్రంలో జూనియర్ అసిస్టెంటును. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కనుక సర్క్యులర్‌లో ఉండే ప్రతి మాటనూ నమ్ముతాను. గొర్రెలు కాసే మా నాయన అచ్చు కాగితం చూస్తే చెప్పులు విడుస్తాడు. నేను చెప్పులు విడవను, సంతకం పెడతాను. చదువు వల్ల వచ్చిన తేడా అంతే.

మా కేంద్రం పని, ఏ రైతు పొలంలో ఏ పంట ఎండిపోయిందో కంప్యూటర్‌కు ఎక్కించడం. తప్పిపోవడంలో మా వానకున్న క్రమశిక్షణ మా సిబ్బందికి కూడా లేదు, కాబట్టి పనికి ఏనాడూ లోటు రాలేదు. మొత్తం పందొమ్మిది మందిమి. కంప్యూటర్ ఒకటి. దాని మీద వేగంగా కొట్టగలిగింది సువార్త ఒక్కతే. ఐజాక్ మేస్త్రీ కూతురు, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తే ఉండే ఉద్యోగం. తక్కిన పద్దెనిమిది మందిమీ ఆమెను పర్యవేక్షిస్తాం.

కంప్యూటర్ ఉన్న బల్ల పూర్వం నిలబడి దస్తరాలు రాసుకోవడానికి చేయించింది. కుర్చీ ఏమో పొట్టిది. సువార్త మణికట్టు పైకి విరుచుకుని, రోజుకు ఎనిమిది గంటల చొప్పున, ఆరేళ్లుగా జిల్లా కరువుకు సేవ చేస్తోంది. ఈ వేసవిలో ఆమె బొటనవేలూ పక్కనున్న రెండు వేళ్లూ తిమ్మిరి పట్టడం మొదలైంది.

"శశన్నా, టీ గ్లాసు జారిపోతాండాది. పొద్దున లేస్తే ఇది నా చెయ్యేనా అని అనుమానమొస్తాండాది" అంది ఒకరోజు.

మా అధికారి గంగాధరప్ప గారు ఆ మాట విన్నారు. "ఫ్యాను కింద కూచోని మీటలు నొక్కేదానికి నొప్పేందమ్మా? మా యమ్మ బతుకంతా చెనక్కాయలు ఒలిచింది. ఒక్కపొద్దన్నా చెయ్యి నొస్తాండాదని అనలా."

"మా యమ్మా ఒలిచింది సార్. ఆమె కూడా అనలా. అడిగినోళ్లు లేరు."

సువార్త అనంతపురం పోయి డాక్టరుకు చూపించుకుంది. మణికట్టులో నరం నొక్కుకుపోతోందట. చెయ్యి వంచకుండా పనిచేయాలి, మధ్యమధ్య ఆపాలి, పడుకునేటప్పుడు పట్టీ కట్టుకోవాలి, అశ్రద్ధ చేస్తే పట్టు శాశ్వతంగా పోతుంది అని డాక్టరు చెప్పింది. ఆ చీటీని మేము సగౌరవంగా ఫైలులో పెట్టాం.

ఆఖరికి వైద్యం చేసింది మా అటెండరు కుళ్లాయప్ప. "బల్ల ఎత్తు, నువ్వు పొట్టి. చెయ్యి యాడ బాగుంటాది? మందుల కంటే ముందు కుర్చీని లేపల్లమ్మా" అని, తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే తన బామ్మర్దిని అడిగి పనికిరాని ముక్కలు తెచ్చాడు. నాలుగు ముక్కలు కుర్చీ కాళ్ల కింద, ఒక వెడల్పాటి బండ ఆమె పాదాల కింద, చుట్టిన పాత తువ్వాలు చేతి కింద పెట్టాడు. మోచెయ్యి బల్లకు సమానంగా వచ్చింది. మూడు వారాలకు సువార్త టీ గ్లాసు జారకుండా పట్టుకుంది. ఎలాంటి ఉత్తర్వులూ లేకుండా జరిగిన పని కావడంతో దీన్ని మేమెవరమూ గుర్తించలేదు.

సరిగ్గా అప్పుడే పక్షోత్సవాల సర్క్యులర్ వచ్చింది. అందులో సరిగ్గా ఎలా కూర్చోవాలో బొమ్మ కూడా ఉంది. బొమ్మలోని అమ్మాయి అచ్చం సువార్త కూర్చున్నట్టే కూర్చుని ఉంది, కాకపోతే ఆమె కుర్చీ కింద బండలు లేవు.

"ఫోటోలో గలీజుగా కనపడతాండాయి. తీసెయ్ కుళ్లాయప్పా" అన్నారు గంగాధరప్ప గారు.

"సార్, ఆ పాప చెయ్యి వాటి మీదే నిలబడి ఉండాది."

"పక్షోత్సవాలు అయిపోయినంక పెడుదువులేప్పా. ఇప్పుడు మణికట్ల పని చానా ఉండాది."

పాదాల కింది బండ నున్నగా ఉండడంతో దాని మీద గంగాధరప్ప గారి పేరు రాయించి శంకుస్థాపన ఫలకంగా నిలబెట్టాం. కుర్చీ కాళ్ల కింది ముక్కలు నాలుగూ ఫ్లెక్సీ తాళ్లకు కట్టాం. మా మెట్ట మీద గాలి సంగతి మీకు తెలియనిది కాదు, ఆ ముక్కలే లేకపోతే "మణికట్టే మన ఆస్తి" అన్న నినాదం కణేకల్ దాకా ఎగిరిపోయేది.

ప్రారంభ సభలో గంగాధరప్ప గారు ఉద్వేగంగా ప్రసంగించారు. "మణికట్టు లేనిదే చెయ్యి లేదు! చెయ్యి లేనిదే సంతకం లేదు! సంతకం లేనిదే పాలన లేదు! కావున పాలన యావత్తూ మణికట్టు మీద ఆధారపడియున్నదని ఈ శుభసమయంలో గుర్తెరగాలి!" చప్పట్లు కొట్టాం. సువార్త కొట్టలేదు. ఆమె అప్పుడు ప్రసంగాన్ని కంప్యూటర్‌కు ఎక్కిస్తోంది.

ఇక నాలుగో పని. పందొమ్మిది మంది, తలకు రోజుకు పదహారు విశ్రాంతులు, వెరసి మూడు వందల నాలుగు. ఒక్కో విశ్రాంతికి పదకొండు గడులు నింపాలి. జన్మలో కంప్యూటర్ ముట్టని కుళ్లాయప్పకూ మినహాయింపు లేదు, ఆదివారానికీ లేదు. "విశ్రాంతి తీసుకున్నారా?" అన్న ప్రశ్నకు రెండే జవాబులు ఇచ్చారు: "తీసుకున్నారు", "సంతృప్తిగా తీసుకున్నారు". ఇవన్నీ కొట్టవలసింది సువార్త. నిజమేనని ధ్రువీకరించవలసింది నోడల్ అధికారిగా నేను.

"అన్నా, నేను విశ్రాంతి తీసుకున్నట్టు కొట్టేదానికే నాకు విశ్రాంతి లేకుండా పోతాండాది. ఐదు గంటలు దీనికే సరిపాయ. రైతుల పేర్లు ఎప్పుడు ఎక్కించల్ల?"

ఆ సంగతి పైకి రాయాలని నాకూ అనిపించింది. రాయడానికి గడి లేదు. "పదహైదు దినాలే కదమ్మా, ఓర్చుకో" అన్నాను.

ఉత్తమ మణికట్టు ఎంపిక నిష్పక్షపాతంగా జరిగింది. నొప్పి, తిమ్మిరి, వాపు ఏమాత్రం లేని చెయ్యి కుళ్లాయప్పది. శాలువా కప్పబోతే ఆయన వెనక్కి జరిగాడు.

"నా చెయ్యి బాగానే ఉండాది సార్. ఆ పాపకు కప్పండి."

"బాగుండాదనే కదప్పా కప్పేది!"

పక్షోత్సవాల చివరి రోజే రైతుల నమోదుకూ చివరి రోజు. సాయంత్రం ఐదింటికి జాబితా మూసుకుపోతుంది. తిరుపాలమ్మ అనే రైతు పొద్దుటి నుంచి వాకిట్లో కూర్చునే ఉంది. రెండెకరాల చెనక్కాయ పంట, ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే టయానికి ఎండిపోయింది. పేరు ఎక్కకపోతే ప్రభుత్వం లెక్కలో ఆ పంట ఎండనట్టే.

"పాపా, నా పేరు ఎక్కిందా?"

"ఎక్కిస్తాండా అవ్వా. ఇంకా అరవై మూడు మంది ఉండారు."

ఆనాటికి సువార్త కుడిచేతికి మౌసు పట్టు చిక్కడం లేదు. ఆ చేతిని ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. అరవై మూడో పేరు తిరుపాలమ్మది. ఐదుకు నాలుగు నిమిషాలుండగా ఎక్కింది. తరువాత ఆమె లేచిపోతే, మిగిలిన విశ్రాంతులు కొట్టడానికి నేనే కూర్చున్నాను. సహాయం చేస్తున్నాననే అనుకున్నాను. సువార్త పేరుకు ఎదురుగా, మా కార్యాలయం గౌరవం దృష్ట్యా, "సంతృప్తిగా తీసుకున్నారు" అన్నదాన్నే నొక్కాను.

నెల తిరక్కుండానే పైనుంచి సమీక్ష వచ్చింది. సువార్త పదిహేను రోజుల్లో తీసుకున్న విశ్రాంతులు రెండు వందల నలభై. ఒక్కోటి రెండు నిమిషాల చొప్పున నాలుగు వందల ఎనభై నిమిషాలు, అనగా సరిగ్గా ఎనిమిది గంటలు. కాంట్రాక్టు ఉద్యోగి ఒక పూర్తి పనిదినం, సెలవు పెట్టకుండా, అదీ సంతృప్తిగా, విశ్రాంతి తీసుకోవడాన్ని తీవ్రంగా పరిగణించి కాంట్రాక్టు పొడిగించలేదు. అవే ఎనిమిది గంటలు తీసుకున్న మా పద్దెనిమిది మంది పర్మనెంటు సిబ్బందికి ఆరోగ్య స్పృహను మెచ్చుకుంటూ ప్రశంసాపత్రాలు వచ్చాయి. నాది ఫ్రేము కట్టించాను. మా నాయన దాని ముందు చెప్పులు విడిచాడు.

ఆమెను పని నుంచి తప్పించే ఉత్తర్వును తప్పుల్లేకుండా కొట్టగలిగినవాళ్లు మా దగ్గర ఇంకెవరూ లేరు. అందువల్ల ఆమెనే కొట్టమన్నారు. కొట్టింది. ఒక్క తప్పు లేదు.

కాగితం నా చేతికిస్తుంటే, నేనేదో చెప్పబోయాను.

"నువ్వు సర్క్యులర్ ప్రకారమే చేసినావులే అన్నా" అంది.

ఇప్పుడు ఆమె గుంతకల్లు స్టేషన్ బయట ఒక జెరాక్స్ అంగడిలో దరఖాస్తులు కొడుతోంది. కుడిచెయ్యి పట్టీలో ఉంటుంది. బల్ల ఎత్తు అక్కడా అంతే. మీరు ఏదో పని మీద అటు పోతారు, రైలుకు టైమవుతుంటుంది. "ఏం పాపా, ఒక్క కాగితానికి ఇంతసేపా? బిరబిరా కొట్టు" అని నోటిదాకా వస్తుంది. చదువుకున్నవాళ్లం, మనకు అలా రావడం సహజమే. ఆ మాట అనే ముందు ఐజాక్ కూతురు సువార్తను ఒక్కసారి గుర్తు చేసుకోమని నా మనవి.