సంస్థ 'కె' స్థాయికి ఎదగడం

కుక్కరు రబ్బరు కొనుగోలు వ్యవహారం మా ఇంట్లో రెండో వారంలోకి ప్రవేశించింది. పాత రబ్బరు సాగిపోయి, విజిల్ రావలసిన చోట నిట్టూర్పు వస్తోంది. కొత్తది వీధి చివర స్టీలు సామాన్ల కొట్లో దొరుకుతుంది. కాని మావారు ఒక పెద్ద కంపెనీలో కొనుగోళ్ల విభాగానికి అధిపతి. మూడు చోట్ల ధర రాయించుకుని, మూడూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఏ వస్తువు కొన్నా అది ఆయన దృష్టిలో దొంగతనం కంటే కొంచెమే తక్కువ. రెండు కొటేషన్లు వచ్చాయి. మూడో కొట్టాయన, కావాలంటే రబ్బరు ఊరికే తీసుకుపొమ్మని, కాగితం మీద రాసివ్వడం మాత్రం తన వల్ల కాదని చెప్పేశాడు. ఊరికే ఇచ్చే ధరను ఏ గడిలో రాయాలో తెలియక మావారు వెనక్కి వచ్చారు.

"అన్నం ఉడకాలన్నా టెండరు పిలవాలట్రా?" అన్నారు అత్తగారు, కంచంలో పలుకులు ఏరుతూ.

"ధర గురించి కాదమ్మా. పద్ధతి గురించి."

"నీ పద్ధతి నమలడానికి నాకు పళ్ళు లేవు నాయనా."

"పోనీ మూడో కొట్టు నేను పెట్టనా నాన్నా?" అంది కాలేజీకి బయల్దేరుతున్న మా అమ్మాయి. "కొటేషన్ రాసిచ్చి వెంటనే మూసేస్తాను."

సొంత మనుషులకు లాభం చేకూర్చే ప్రమాదం ఉందన్న కారణంతో ఆ ప్రతిపాదనను మావారు తిరస్కరించారు.

ఈ క్రమశిక్షణ మా ఇంటిదాకా రావడానికి మూలం ఆఫీసులో జరుగుతున్న మహత్తర కార్యక్రమం. ఇద్దరు నిపుణులు వచ్చి, ఆయన విభాగాన్ని దేశంలోని అలాంటి విభాగాలన్నిటితో పక్కపక్కన నిలబెట్టి కొలుస్తున్నారు. ఎంత ఖర్చు పెడుతున్నారు, ఎంతమంది ఉన్నారు, అడిగిన వస్తువు ఎన్నాళ్ళకు తెస్తున్నారు, ఎన్ని ఫిర్యాదులు వస్తున్నాయి అన్నవి కొలతలు. దీన్ని వాళ్ళు బెంచ్‌మార్కింగ్ అంటారు. మా అత్తగారు పక్కింటివాళ్ళతో పోల్చుకోవడం అంటారు. తేడా ఏమిటంటే, మొదటిదానికి బిల్లు వస్తుంది.

పోలికలో పాల్గొన్న కంపెనీల పేర్లు రహస్యం. అందుచేత వాటికి అక్షరాలు ఇచ్చారు. మావారిది సంస్థ 'ఎఫ్'. మొదటి నివేదికలోనే అందరికంటే పైన నిలిచింది సంస్థ 'కె'. దాని కొనుగోళ్ల విభాగంలో ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఖర్చు దాదాపు లేదు. వస్తువు అడిగిన రోజే చేతికొస్తుంది. ఫిర్యాదు అన్న మాటే లేదు. అది ఎంత పెద్ద కంపెనీ, ఏం తయారుచేస్తుంది అని మావారు అడగబోతే, పరిమాణాలు చూడటం మొదలుపెడితే చిన్న సంస్థలకు అన్యాయం జరుగుతుందని నిపుణులు నొచ్చుకున్నారట.

ఆ నివేదిక మీద డైరెక్టరుగారు సిబ్బందినంతా కాన్ఫరెన్స్ హాల్లో కూర్చోబెట్టి చేసిన ప్రసంగాన్ని మావారు ఫోన్లో రికార్డు చేసి మాకు వినిపించారు.

"మిత్రులారా, మన కొనుగోళ్ల విభాగంలో పదకొండుమంది ఉన్నారు. సంస్థ 'కె'లో ఒక్కరున్నారు. అంటే ఆ మహానుభావుడి ముందు మనలో ఒక్కొక్కరు పదకొండో వంతు మనిషి. ఇది నేను అంటున్న మాట కాదు, గణితం అంటున్న మాట. మనం ఎవరినీ తీసెయ్యం. మనం ఎదుగుతాం. ఎదిగే దారిలో కొందరు మనతో రాలేకపోతే, వాళ్ళ చిరునవ్వులు మన గుండెల్లో ఉంటాయి."

చప్పట్లు బాగానే వినిపించాయి. కొట్టినవాళ్ళలో చాలామంది తరవాత ఎదిగే దారిలో రాలేకపోయారు.

మావారు సమర్థులు. ఎదగడం మొదలుపెట్టారు. వస్తువు కావాలని ఎవరైనా అడిగితే, ఆ అడగడాన్ని వస్తువు వచ్చిన రోజు తేదీతోనే కాగితం మీదికి ఎక్కించేలా ఏర్పాటు చేశారు. ఆలస్యం అన్నది ఆ రోజుతో అంతరించింది. ఒకసారి పొరపాటున వస్తువు ముందు ఎక్కి, అడగడం మర్నాడు ఎక్కింది. దానికి నిపుణుల నివేదికలో ముందుచూపు అన్న పద్దు కింద ప్రత్యేక ప్రశంస వచ్చింది. ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగిని తీసేశాక ఫిర్యాదులు కూడా అణగిపోయాయి. మిషన్ నడిపేవాళ్ళు బోల్టులు తమ జేబు డబ్బుతో కొనుక్కుంటున్నారు కాబట్టి ఖర్చు తగ్గింది. టేపులూ చీపుళ్ళూ కొనిపెట్టే ఒకాయన్ని వదులుకోలేక తోటల విభాగం కింద చూపించారు. ఆయన అదే కుర్చీలో కూర్చుని అదే పని చేస్తూ, కాగితం మీద మాత్రం గడ్డి కత్తిరించేవారు. తరవాత తోటలకు కూడా పోలిక మొదలైంది. దేశంలో అసలు తోటే లేని కంపెనీ ఒకటి ముందుంది. ఆయన వెళ్ళిపోయారు.

ఆ ఉత్సాహంలోనే ఇల్లు కూడా కొలతలోకి వచ్చింది. మా బిల్డింగులో వాటాలవాళ్ళందరి నెలసరి సరుకులు విచారించి, పై వాటావాళ్ళ పంచదార ఖర్చు మాకంటే బాగా తక్కువని మావారు కనిపెట్టారు.

"తక్కువెందుకు ఉండదండీ," అన్నాను నేను. "వారంలో నాలుగు రోజులు గ్లాసు పట్టుకుని మనింటికే వస్తుంది కదా ఆవిడ."

మావారు ఆ సంగతి కూడా రాసుకుని, సరఫరాదారులతో సత్సంబంధాలు నిర్వహించడంలో పై వాటావాళ్ళు మనకు ఆదర్శం అన్నారు.

రబ్బరు చర్చ జరుగుతున్న నాటికి ఆయన విభాగంలో మిగిలింది ఇద్దరు. ఒకరు మావారు. రెండో ఆవిడ ఫైళ్ళ పిన్ని. మావారు ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొటేషన్ ఎలా చదవాలో, సరుకు ఇచ్చేవాడు ఎక్కడ తేడా చేస్తాడో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆవిడే. మా ఇంట్లో అందరూ పిన్ని అనే అంటారు, వరస కలవకపోయినా మా అత్తగారితో సహా. మా అమ్మాయికి జ్వరం వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకు తోడుగా కుర్చీలో కూర్చుని నిద్రపోయిన మనిషి. భర్త లేడు. జీతం మీద అప్పు తీసుకుని ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకుంటోంది. గోడలు లేచాయి, స్లాబు పడాలి. నెలాఖరుకు సంస్థ 'కె' స్థాయికి చేరాలని డైరెక్టరుగారు గడువు పెట్టారు. అంటే ఇద్దరిలో ఒకరు మిగలాలి. ఆ ఒకరు ఎవరో విభాగాధిపతే రాసివ్వాలి. అలా మిగిలిన ఒక్కరికి కొత్త హోదా, పెరిగిన జీతం.

పదకొండుమందిని ఇద్దరు చేసినా తొణకని మావారికి, ఇద్దరిని ఒకరు చెయ్యడం దగ్గర మొదటిసారి అన్నం సహించలేదు. పలుకన్నం కావడం కూడా కొంత కారణం కావచ్చు.

"అసలు ఆ ఒక్క మనిషి ఎలా చేస్తున్నాడో చూసొస్తాను," అన్నారు ఒకరోజు. "అతని కిటుకేదో తెలిస్తే ఇద్దరం ఉండి కూడా ఆ మార్కులు తెచ్చుకోవచ్చేమో."

నిపుణులు ఉత్తరం రాశారు. తమను ఎవరైనా చూడటానికి వస్తే సంతోషమని సంస్థ 'కె' నుంచి వెంటనే జవాబొచ్చింది, అడ్రసుతో సహా. మావారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక పూలగుత్తి కొనుక్కుని రైలెక్కారు. పూలగుత్తికి మూడు కొటేషన్లు తీసుకోలేదు. మనిషి ఎంత కంగారులో ఉన్నారో దాన్నిబట్టే నాకు తెలిసింది.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా సోఫాలో కూర్చుని చెప్పిన సంగతి ఇది.

అక్కడ తుప్పు పట్టిన పెద్ద గేటు ఉంది. లోపల నడుము ఎత్తున గడ్డి. కిటికీలకు అద్దాలు లేవు. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక వాచ్‌మన్, టోపీ సర్దుకుని లేచాడు.

"కొనుగోళ్ల విభాగం ఎటండీ?" అని అడిగారు మావారు.

"చెప్పండి."

"అధిపతిగారిని కలవాలి."

"చెప్పండి అంటున్నా కదా సార్."

ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైంది. కేసు కోర్టులో ఉంది. సామాను పోకుండా బ్యాంకువాళ్ళు ఇతన్ని కాపలా పెట్టారు. ఒకనాడు పోస్టులో ప్రశ్నల కాగితం వచ్చింది, జవాబు పంపడానికి స్టాంపు అంటించిన కవరుతో. ఎవరో ఇంత మర్యాదగా అడిగారు కదా అని నింపి పంపాడు. అప్పటినుంచి క్రమం తప్పకుండా వస్తున్నాయి, ఇతనూ క్రమం తప్పడం లేదు.

"ఎంతమంది అన్నారు, నేనొక్కణ్ణే కదా సార్. ఏం కొంటారన్నారు, టార్చిలైటుకి బ్యాటరీలు. ఎన్నాళ్ళు పడుతుందన్నారు, కొట్టు ఎదురుగానే ఉంది. ఫిర్యాదులన్నారు. ఎవరు చేస్తారు సార్ ఇక్కడ?" అని, పూలగుత్తి అందుకుని కుర్చీ మీద పెట్టి, పెద్దమనిషి తరహాగా అడిగాడట. "ఇంతకీ మీ దగ్గర ఎంతమంది?"

"ఇప్పుడు ఇద్దరం."

"ఇద్దరెందుకు సార్?"

మేము నవ్విన నవ్వు పై వాటాకు వినిపించి ఉంటుంది. అమ్మాయి నేల మీద కూర్చుండిపోయింది. అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ, "రేపే వెళ్ళి మీ డైరెక్టరు మొహం మీద చెప్పరా. మూసేసిన కొంపని చూసి వాతలు పెట్టుకున్నార్రా మీరంతా," అన్నారు.

"పిన్నికి ఇప్పుడే ఫోన్ చెయ్యండి," అన్నాను నేను. "పాపం నిద్ర పడుతుంది."

మావారు ఫోన్ తియ్యలేదు. "చెప్పొచ్చు," అన్నారు. "కాని డైరెక్టరుగారు సంస్థ 'కె' గురించి పెద్ద సదస్సులో మాట్లాడి జ్ఞాపిక కూడా తెచ్చుకున్నారు. అది గోడకు కొట్టించారు."

"తీయించమను," అంది అమ్మాయి.

"వెళ్ళిపోయిన తొమ్మిదిమంది కాగితాల మీద సంతకం నాది."

ఆ మాటతో నవ్వు ఒక మెట్టు దిగింది.

"చెబితే ఏమవుతుంది నాన్నా?"

"చెప్పినవాణ్ణి ఉంచరు. ఆ తరవాత కూడా విభాగంలో ఒక్కరే ఉంటారు. అది నేను కాను, అంతే తేడా."

మా కుటుంబం తెలివైనది. ఆ తరవాత జరిగిన చర్చలో ఎవరూ గొంతు పెంచలేదు. అమ్మాయి వచ్చే ఏడాది ఫీజు గురించి ఒక మాట అడిగి, జవాబు రాకముందే ఫోన్‌లోకి తల దించింది. అత్తగారు తన కంటి ఆపరేషన్ సంగతి గుర్తు చెయ్యలేదు, ఆ కన్ను మాత్రం రెండుసార్లు నలుపుకున్నారు. పిన్ని చాలా గట్టి మనిషి అని, అలాంటివాళ్ళకు ఎక్కడైనా పని దొరుకుతుందని మొదట అన్నది ఎవరో నాకు సరిగ్గా గుర్తులేదు. నేనే అయి ఉండాలి. ఇద్దరు చేసే పని తనొక్కతే చెయ్యాల్సొస్తే ఆవిడ ఆరోగ్యం కూడా పాడయ్యేదని అత్తగారు జోడించారు. ఆవిడ మంచి కోరే మనుషులు ఇంతమంది ఒకే ఇంట్లో ఉండటం అరుదు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు, పొద్దున్నే అందరం టేబుల్ దగ్గర ఉండగా, మావారు కాఫీ గ్లాసు కింద పెట్టి మామూలు గొంతుతో చెప్పారు.

"ఒక్కరు చాలని రాసిచ్చేశాను. పిన్నికి ఇవాళ కాగితం ఇస్తారు. ఆవిడ స్లాబుకి సిమెంటు నాకు తెలిసిన డీలరు దగ్గర టోకు ధరకి ఇప్పిస్తాను. బయట కొంటే ఆవిడకి చాలా అవుతుంది."

అంత పనిలోనూ ఆవిణ్ణి మరిచిపోనందుకు మాకందరికీ ఆయన మీద గౌరవం పెరిగింది. మీకూ కొంచెం పెరిగే ఉంటుంది.